కిటికీకీ కిటికీకీ మధ్య

పేపర్లో జిల్లా పేజీలు నేను వెనక నుంచి చదువుతాను. రిటైరయ్యాక పట్టుకున్న అలవాటు. ముందు పోయినవాళ్ళ ఫొటోలు, తర్వాత ధాన్యం ధరలు, ఓపిక మిగిలితే రాజకీయాలు. మొన్న శుక్రవారం అలాగే తిప్పుతుంటే మూడో వరసలో కోటు తొడుక్కున్న మనిషి ఒకాయన కనిపించారు. కింద "ప్రభువునందు నిద్రించారు" అని ఉంది. జ్ఞాపకార్థ కూడిక ఆదివారం, రాజమండ్రిలో, వాళ్ళింటి దగ్గరే. ముఖం తెలిసిందే గానీ ఆ కోటు వల్ల పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక ఇంక కాఫీ సహించలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకసారి నావల్ల ఆ పేరు చెడింది, చాలు.

నేను మండపేటలో ఒక రైసుమిల్లులో ఇరవై రెండేళ్ళు మేనేజరుగా చేశాను. మేనేజరంటే పెద్దగా ఊహించుకోకండి. గేటు దగ్గర లారీ మొరాయిస్తే పరిగెత్తేవాడినీ నేనే, యజమానిగారికి కోపమొస్తే తిట్లు తినేవాడినీ నేనే. మా వైపు మిల్లుల్లోకి అప్పుడప్పుడే కంప్యూటర్లు వస్తున్న రోజులవి. మాకు గేటు పక్కన కాటా గది ఉండేది. లారీ గానీ ట్రాక్టరు గానీ ముందు కాటా మీద తూగాలి, ఆ తూకం ఆవరణ అవతల చివరున్న ఆఫీసు కంప్యూటర్లో పడాలి, అప్పుడే బండి కదలాలి. రెంటికీ మధ్య భూమిలో వైరు వేయించాం. లారీ చక్రాలు మూడుసార్లు తెంపాయి. నాలుగోసారి పందికొక్కులు ఆ పుణ్యం కట్టుకున్నాయి. వైరుతో వేగలేక, వైర్‌లెస్ పెట్టిద్దామన్నారు యజమానిగారు. ఎవరో చెబితే రాజమండ్రి నుంచి ఈయన్ని పిలిపించాం.

జీన్స్ ప్యాంటు వేసుకున్న కుర్రాడెవడో దిగుతాడనుకున్నాం. దిగింది యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచీ, సంచీలో ల్యాప్‌టాప్, దాన్ని ఆనుకుని టిఫిన్ క్యారేజీ. పులుసు కారి ల్యాప్‌టాప్ పాడవదా అని అడిగితే, "మా ఆవిడ మూత గట్టిగా బిగిస్తారండి" అన్నారు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారట. టీవీలొచ్చిన కొత్తలో డాబాలెక్కి యాంటెన్నాలు తిప్పేవారట. "చుక్కలు పోయాయా అండీ? మనిషి కనపడుతున్నాడా అండీ?" అని పైనుంచి అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయిందని ఆయనే చెప్పి నవ్వేవారు.

ఆయన పనిచేసే తీరు చూసి తీరాలి. ల్యాప్‌టాప్ తెరిచి రెండు చేతుల మీద పెట్టుకుని, ఆఫీసు కిటికీ వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి నడిచేవారు. తెరమీద సిగ్నల్ గీతలు ఎక్కడ తగ్గుతాయో చూడ్డానికట. ముందుకు నడుస్తూ చూడొచ్చు కదండీ అంటే, "వెనక్కి నడిస్తే నెమ్మదిగా నడుస్తామండి, తొందరపడం" అనేవారు. అలా నడిచి నడిచి ఒకరోజు తవుడు గుట్టలో వెల్లకిలా పడ్డారు. మిల్లులో ఆడా మగా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఆయన మాత్రం ల్యాప్‌టాప్‌ని తలకంటే ఎత్తున పట్టుకుని, తవుడులో పడుకునే తెర చూసి, "ఇక్కడ కూడా రెండు గీతలున్నాయండీ!" అని సంబరపడ్డారు.

సిగ్నల్ పంపే ఆ వైర్‌లెస్ డబ్బాలకి ఎంత మర్యాద చేసేవారో! దీపం వెలగకపోతే దాని మీద వేలితో మెల్లిగా తట్టి, "లేవండి సార్, పొద్దెక్కింది" అనేవారు. పని పూర్తయ్యేదాకా టీ ముట్టేవారు కాదు. ప్లాన్లన్నీ పాత శుభలేఖల వెనక గీసేవారు, అట్ట గట్టిగా ఉంటుందని. ఎవరింటి పెళ్ళో ఒకవైపు, మా మిల్లు గోడలు మరోవైపు.

అన్నిటికంటే నాకు విసుగు తెప్పించిన గుణం ఒకటుంది. చెప్పాల్సిన మాట మూడుసార్లు చెప్పేవారు. మొదటిసారి మామూలుగా, రెండోసారి మన కళ్ళలోకి చూస్తూ, మూడోసారి వెళ్ళిపోతూ గేటు దగ్గర ఆగి. "అర్థమైంది బాబూ, నేనేం చంటిపిల్లాణ్ణి కాను" అని నేను కసురుకున్నా సరే, నవ్వేసి మళ్ళీ చెప్పేవారు.

ఆయన చాదస్తంలో న్యాయముందని నాకు ఒకసారి తెలిసొచ్చింది కూడా. డబ్బాలు పెట్టిన నెలకే ఇంటర్నెట్ నత్తనడక పట్టింది. ఫోన్ చేస్తే వచ్చారు. లోపల ఏమీ చూడలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని ప్రహరీగోడ బయట చుట్టూ తిరిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చి, "మన సిగ్నల్ రోడ్డు దాటి పోతందండి. అవతల కంప్యూటర్ నేర్పే సెంటరుంది కదండీ, క్లాసు క్లాసంతా మన దాంట్లోనే చదువుకుంటన్నారు" అన్నారు. పాస్‌వర్డ్ వాళ్ళకెలా తెలిసిందో నాకు అంతు చిక్కలేదు. ఆయన సరాసరి కాటా గదిలోకి నడిచారు. లక్ష్మీదేవి పటం కింద, గోడ మీద, సుద్దముక్కతో, నా చేతిరాతతో పాస్‌వర్డ్. అడిగిన ప్రతివాడికీ చెప్పలేక నేనే రాసిపెట్టాను. కాటాకొచ్చిన లారీ డ్రైవర్లు, రైతులు, బ్రోకర్లు అందరూ దానికి దణ్ణం పెట్టుకునే పోతున్నారు.

ఆయన జేబురుమాలు తడిపి గోడ తుడిచారు. "వీధి తలుపుకి తాళం వేసి చెవి అరుగు మీద పెడతారా అండి ఎవరైనా?" అన్నారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, సిగ్నల్ జోరు తగ్గించి, మా గోడ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేలా చేశారు. యజమానిగారు వచ్చి ఏమైందని అడిగితే, "ఏమీ లేదండి, చిన్న సర్దుబాటు" అన్నారంతే. సుద్దరాత సంగతి ఎత్తలేదు. నన్ను అలా కాపాడిన మనిషాయన.

ఇక అసలు సంగతి. దాటవేద్దామని ఇంతసేపూ తవుడూ పులుసూ చెప్పుకొచ్చాను గానీ, చెప్పాల్సింది ఇదే.

ఆఫీసు కిటికీలో ఒక డబ్బా, కాటా గది కిటికీలో ఒక డబ్బా పెట్టారాయన. ఒకదాన్నొకటి చూసుకోవాలి. మధ్యలో పెద్ద రేకుల షెడ్డు, పక్కలకి గోడల్లేనిది. కాటా గది మీద ఇనపగొట్టం నిలబెట్టి దానిమీద కడితే దిగులుండదని ఆయన మొదటే చెప్పారు. కానీ గేటు ఈశాన్యం. ఈశాన్యంలో ఎత్తు లేపితే మిల్లు నిలవదని సిద్ధాంతిగారి మాట, దానికి తిరుగులేదు. కాబట్టి షెడ్డులోంచే, కిటికీ నుంచి కిటికీకి. అప్పుడు ఎండాకాలం ఆఖరు, షెడ్డు ఖాళీగా ఉంది, గీతలన్నీ నిండుగా వచ్చాయి. ఆయన మాత్రం ఖాళీ షెడ్డు మధ్యలో నిలబడి, "సీజన్లో ఇక్కడేం పెడతారండి?" అని అడిగారు.

"ధాన్యం బస్తాలండి. రేకులకి తగిలేదాకా."

"అయితే ఈ కిటికీకీ ఆ కిటికీకీ మధ్య ఒక బారెడు వెడల్పున ఖాళీ ఉంచాలండి. బస్తా పెట్టకూడదు. కొత్త ధాన్యంలో తడి ఉంటదండి. ఆ తడి సిగ్నల్ని తాగేస్తది."

గోడ ఆపని సిగ్నల్ని వడ్లు ఆపుతాయా అని నాలో నేను నవ్వుకున్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి మళ్ళీ చెప్పారు. బస్సుకి వెళుతూ గేటు దగ్గర ఆగి, మరోసారి, "సందు మర్చిపోకండే" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. విన్నాను. శుభ్రంగా విన్నాను.

కార్తీకంలో కోతలు మొదలయ్యాయి. ఆయన మాట ప్రకారం సందు ఉంచే బస్తాలు పేర్పించాను, అదీ చెప్పాలి. ఇంతలో తుఫాను కబురొచ్చింది. మా ప్రాంతంలో పంట చేతికొచ్చే వేళకి తుఫాను రావడం కొత్తేమీ కాదు గానీ, వచ్చిన ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. ట్రాక్టర్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బారులు తీరాయి. "బాబ్బాబూ, తడిస్తే మొలకలొచ్చేస్తాయండీ, ఎక్కడో ఒక చోట దింపుకోండి" అని ఒక ముసలి రైతు నా చెయ్యి పట్టుకున్నాడు. హమాలీల మేస్త్రి షెడ్డులోంచి కేకేశాడు.

"ఈ సందులో వేసెయ్యమంటారా అండీ?"

"వేసెయ్యండి" అన్నాను. ఆ మాటకి నాకిప్పటికీ విచారం లేదు. ఎవరైనా అదే అనేవారు. విచారమంతా మూడో రోజుది.

వాన వెలిసింది. బళ్ళు కదలాలి. కాటా మీద తూకం తెర మీద కనపడుతోంది, ఆఫీసుకి మాత్రం చేరడం లేదు. ఒక్క గీత వస్తుంది, పోతుంది. మనిషిని పెట్టి కాగితాలు మోయించాను, రెండు తప్పులు పడ్డాయి, డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు, యజమానిగారు శివాలెత్తిపోయారు. ఆయనకి ఫోన్ చేశాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, బురదలో, పదకొండు గంటల బస్సుకి దిగారు.

షెడ్డు ముందు నిలబడి, నిండుగా ఉన్న బస్తాల్ని పైనుంచి కింద దాకా చూశారు. అప్పుడే యజమానిగారు వచ్చి, "ఏంటండీ మీ పనితనం? పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట! ఒక వానకే పడుకుందేంటండి మీ సిగ్నలు?" అని విరుచుకుపడ్డారు.

"వానకి కాదండి. ధాన్యానికండి. మధ్యలో ఖాళీ ఉంచాలని చెప్పాను కదండీ" అంటూ ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో నింద లేదు. అవునని నేనంటానని ఎదురుచూసే చూపు అది.

యజమానిగారు నా వైపు తిరిగారు. "ఏవయ్యా, చెప్పాడా నీకు?"

ఆ నెలలోనే వాళ్ళ బావమరిదిని నా కుర్చీలో కూర్చోబెట్టే మాట నడుస్తోంది. నాకు తెలుసు. వెనకాల డ్రైవర్లు, హమాలీలు, మేస్త్రి, అందరూ చూస్తున్నారు. "చెప్పారండి, తుఫానుకి నేనే వేయించాను" అంటే ఏమయ్యేది? నాలుగు తిట్లు పడేవి. మహా అయితే ఉద్యోగం పోయేది.

"నాతో అనలేదండి" అన్నాను.

"చెప్పలేదా అండి నేను?" అని అడిగారాయన, నెమ్మదిగా.

"లేదండి."

ఆయన నుదురు రుద్దుకున్నారు. "మర్చిపోయుంటానండి అయితే. తప్పు నాదేనండి" అన్నారు యజమానిగారితో. సంచీ దించి పనిలో పడ్డారు. షెడ్డు పక్కనే నడిమధ్యలో ఒక వెదురుబొంగు పాతించి, దానికి మూడో డబ్బా కట్టి, బస్తాల పక్కనుంచి చుట్టు తిప్పి, సాయంత్రం నాలుగింటికల్లా గీతలు తెప్పించారు. టీ పంపిస్తే తాగలేదు. పని అయిపోయింది కదండీ అంటే, "వద్దండి, మనసు బాగోలేదు" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా యజమానిగారు రాజమండ్రి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ కమిటీలో ఉండేవారు. నాలుగంతస్తులు, రెండు హాస్టళ్ళు, అంతా వైర్‌లెస్ పెట్టాలని ఈయనకే ఇంచుమించు ఖాయం చేశారు. నెలల తరబడి అక్కడ వెనక్కి వెనక్కి నడిచి, గది గదికీ ప్లాను గీశారు. ఆయన బతుకులో అంత పెద్ద పని మునుపెన్నడూ రాలేదు. ఆ వారంలోనే యజమానిగారు నా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో, "వద్దండీ, మతిమరుపు మనిషి. అసలు చెప్పాల్సింది చెప్పడు" అన్నారు. పని హైదరాబాదు వాళ్ళకి పోయింది. యజమానిగారు ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ నేను పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయనకి నిజం తెలుసు, నన్ను కాపాడ్డానికే తప్పు నెత్తిన వేసుకున్నారు, సుద్దరాత రోజు కాపాడలేదూ, అలాగే. పెద్దమనసు అనుకున్నాను. ఎదుటివాడి పెద్దమనసులో మన పాపం దాచుకోవడం ఎంత తేలికో చెప్పలేను.

రెండేళ్ళ తర్వాత ఒకసారి రాజమండ్రి బస్ కాంప్లెక్స్‌లో కనిపించారు. చిక్కిపోయారు. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం. పిల్లల గురించి, వర్షాల గురించి మాట్లాడాక, "ఏమీ అనుకోనంటే ఒక మాట అడుగుతానండి. ఆ రోజు నేను నిజంగానే చెప్పలేదా అండి?" అన్నారు.

దెప్పుతున్నారనుకున్నాను. తప్పు చేసినవాడికి రోషమెక్కువ. "జరిగిపోయినదాన్ని ఇంకా తవ్వుతారేంటండీ" అని విసుక్కున్నాను. "అంతేలెండి, అంతేలెండి" అన్నారు గాభరాగా. మా మండపేట బస్సొచ్చింది, ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు.

మొన్న ఆదివారం వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఇవాళ చెప్పి తీరాలని. ప్రార్థన అయింది, పాటలయ్యాయి, పాస్టరుగారు వాక్యం చెప్పారు. నాకు ధైర్యం చాలక చివరి వరసలోనే ఉండిపోయాను. జనం భోజనాలకి లేచాక వాళ్ళావిడ దగ్గరకెళ్ళి, మండపేట మిల్లులో పనిచేసేవాణ్ణమ్మా అన్నాను.

ఆవిడ చప్పున తలెత్తింది. "మిల్లులో మేనేజరుగారా అండి? మీ గురించి చాలాసార్లు చెప్పేవారండి. కూర్చోండి." తనే కుర్చీ లాగింది. "మీ మిల్లు దగ్గరే కదండీ ఆయనకి మొదలైంది."

"ఏంటమ్మా మొదలైంది?"

"మతిమరుపండి. అక్కడ చెప్పాల్సిన మాటేదో చెప్పలేదంటండి. చెప్పినట్టే గుర్తుందే, చెప్పినట్టే గుర్తుందే అని రోజూ అనుకునేవారు. కానీ మేనేజరుగారు అబద్ధమాడే మనిషి కాదు, నా బుర్రే చెడిపోయింది అనేవారండి. ఆ తర్వాత చిన్న పనికి కూడా తన మీద తనకి నమ్మకం లేకుండా పోయింది. తాళం వేశానా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేసేవారు. ఏ మాటన్నా వెంటనే పుస్తకంలో రాసుకునేవారు. చివరికి పనులే మానేశారు. ఇంకొకరి ఆఫీసు ముంచేస్తానేమో అని భయమండి. విశాఖపట్నం తీసికెళ్ళి అన్ని పరీక్షలూ చేయించామండి. బుర్ర బంగారంలా ఉందన్నారు డాక్టర్లు. ఈయన నమ్మితే కదా! చివరికి గుండె ఆగిపోయి వెళ్ళిపోయారు గానీ, బుర్రకి ఏ జబ్బూ లేదండి." ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వైపు వంగింది. "మీరు దగ్గరుండి చూసినవారు కదండీ. అప్పటికి ఆయనకి నిజంగానే మతిమరుపు ఉందంటారా?"

ఇన్నేళ్ళూ పెద్దమనసు అనుకున్నాను. ఆయన నన్ను కాపాడలేదు. నన్ను నమ్మారు. తన జ్ఞాపకాన్ని కూడా పక్కన పెట్టి నా మాట నమ్మారు.

"లేదమ్మా" అన్నాను. మళ్ళీ అన్నాను. "లేదమ్మా. ఆయన చెప్పారు. మూడుసార్లు చెప్పారు. నేను విన్నాను. యజమానిగారు అడిగితే భయపడి చెప్పలేదన్నాను. అబద్ధమాడాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కాళ్ళ మీద పడటానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నా మాట పూర్తిగా విన్నదో లేదో గానీ, లేచి నిలబడి, లోపల వడ్డిస్తున్న కూతురికి కేకేసింది.

"అమ్మాయీ! ఇలా రావే. డాడీ మర్చిపోలేదంట! చెప్పారంట!"

కూతురు గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ మావయ్యగారో ఎవరో, ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆవిడ ఒక్కొక్కరికీ చెబుతోంది, "చెప్పారంటండి, మూడుసార్లు చెప్పారంట, ఆయనకేమీ లేదంటండి" అని. ముఖం వెలిగిపోతోంది. నా వైపు చూసేవాళ్ళు లేరు. నన్ను తిట్టాలని ఎవరికీ తోచలేదు.

నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. ఆవిడ బల్ల మీదున్న ఆయన ఫొటో దగ్గరకెళ్ళి, కోటు మీద పడ్డ పువ్వు రెక్కని వేలితో పక్కకి తోసి, వంగి, ఆయనకి వినపడేంత దగ్గరగా చెప్పింది.

"విన్నారా? మీరు చెప్పారంట."